బిరుదు నుంచి ర్యాంకు దాకా: అమీర్‌పేట, పంజాగుట్ట పరిసరాల ఆధారంగా హైదరాబాదు నగరసేవకుల గుర్తింపు చరిత్ర

వ్యాససంగ్రహం:
నగరానికి సేవచేసే ప్రభుత్వోద్యోగులను గౌరవించే పద్ధతులు హైదరాబాదులో కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. ఆసఫ్‌జాహీల కాలంలో బిరుదు వ్యక్తి పేరులో భాగమైంది. గణతంత్ర భారతంలో దాని స్థానాన్ని పతకం ఆక్రమించింది. ఇటీవలి కాలంలో గుర్తింపు కార్యాలయానికి ఇచ్చే ర్యాంకుగా, వృత్తివర్గానికి ప్రకటించే ప్రోత్సాహకంగా రూపాంతరం చెందింది. అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్ ప్రాంతాల్లోని సంస్థలను ఆధారంగా తీసుకొని ఈ మార్పును పరిశీలించడం, ఆ క్రమంలో వ్యక్తి శ్రమకు దక్కిన స్థానాన్ని అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బిరుదు, పతకం, కొత్వాలు, బల్దియా, పంజాగుట్ట ఠాణా, పారిశుద్ధ్య కార్మికులు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు మెట్రో మార్గంలో అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాదు వరుసగా వచ్చే నాలుగు స్టేషన్లు. ఈ కొద్దిపాటి దూరంలో ప్రభుత్వసేవకు సంబంధించిన పలు సంస్థలు కనిపిస్తాయి. అమీర్‌పేటలోని స్వర్ణజయంతి భవన సముదాయంలో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉంది. పంజాగుట్టలో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ (నిమ్స్), పోలీసు ఠాణా ఉన్నాయి. ఎర్రమంజిల్‌లో నీటిపారుదల శాఖ ప్రధాన కార్యాలయమైన జలసౌధ ఉంది. ఖైరతాబాదు కూడలిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య విగ్రహం నిలిచి ఉంది. ఈ రహదారిని తెల్లవారకముందే ఊడ్చిపోయే కార్మికులకు మాత్రం ప్రత్యేకమైన భవనమంటూ లేదు.

ఈ సంస్థల్లో పనిచేసిన వారిలో కొందరి పేర్లు చరిత్రలో నిలిచాయి. ఎక్కువమంది పేర్లు హాజరుపట్టీ దాటి బయటికి రాలేదు. ఈ తేడాకు ప్రతిభలోని హెచ్చుతగ్గులు మాత్రమే కారణమా? లేక, ఎవరిని ఏ రూపంలో గౌరవించాలో ముందే నిర్ణయించిన పద్ధతులు కూడా కారణమా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే గౌరవించిన పద్ధతుల చరిత్రను పరిశీలించాలి.

2. పేరులో కలిసిపోయిన గౌరవం

రాజోద్యోగిని బిరుదుతో గౌరవించడం తెలుగునేలపై ప్రాచీనమైన ఆచారం. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాల్లో ‘మహాతలవర’ అనే పదం ఉన్నతాధికారులకు బిరుదుగా కనిపిస్తుంది. తరువాతి తెలుగులో గ్రామరక్షకుణ్ణి సూచించే ‘తలారి’ పదానికీ దీనికీ సంబంధం ఉందని పండితులు భావించారు. ఆ అభిప్రాయాన్ని అంగీకరిస్తే, ఒకనాడు రాజబంధువులు ధరించిన బిరుదు కాలక్రమంలో ఊరి కావలివాని ఉద్యోగనామంగా మిగిలిందని చెప్పవలసి ఉంటుంది. ఉద్యోగం కొనసాగినా దాని చుట్టూ ఉన్న గౌరవం జారిపోవచ్చునని ఈ పదచరిత్ర సూచిస్తుంది.

ఆసఫ్‌జాహీల పాలనలో బిరుదులకు స్పష్టమైన అంతస్తులు ఉండేవి. ఖాన్, బహద్దూర్, జంగ్, దౌలా, ముల్క్, ఉమరా, జాహ్ అనే క్రమంలో అవి పైకి సాగేవి. హిందూ ఉద్యోగులకు రాయ్, రాజా, రాజా బహద్దూర్ వంటి బిరుదులు లభించేవి. ఈ అంతస్తులకు పంజాగుట్ట పక్కనే ఒక నిదర్శనం ఉంది. 19వ శతాబ్దం చివరిభాగంలో ఎర్రమంజిల్ ప్రాసాదాన్ని నిర్మించిన ప్రభువును చరిత్ర నవాబ్ సఫ్దర్ జంగ్ ముషీరుద్దౌలా ఫక్రుల్ ముల్క్‌గా గుర్తిస్తుంది. జంగ్, దౌలా, ముల్క్ అనే మూడు మెట్లూ ఆ ఒక్క పేరులోనే ఉన్నాయి. బిరుదు పెరిగినప్పుడల్లా పేరు పెరిగింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు క్రమంగా వెనుకకు జరిగింది.

ఆ ప్రాసాదం తరువాతి కాలంలో ప్రభుత్వ ఇంజనీరింగు శాఖల కార్యాలయాలకు నెలవైంది. దానిని కూల్చి కొత్త శాసనసభా భవనం నిర్మించాలన్న ప్రతిపాదనను 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు తోసిపుచ్చింది. బిరుదు పొందిన ప్రభువు కట్టడం ఈ విధంగా చట్టం రక్షణలో నిలిచింది. అందులో దశాబ్దాలపాటు దస్త్రాలు రాసిన గుమాస్తాల జ్ఞాపకానికి అటువంటి రక్షణ లేదు.

బిరుదు కేవలం వంశగౌరవానికి చిహ్నమని భావించడం సరికాదు. పనిచేసిన ఉద్యోగికీ అది దక్కింది. 1877 జూలై 11న జన్మించిన మీర్ అహ్మద్ అలీ ఇంగ్లండులో ఇంజనీరింగు చదివి, నిజాం ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరి, చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగాడు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నిర్మాణంతో ఆయన పేరు ముడిపడి ఉంది. ప్రజలు ఆయనను నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్‌గానే ఎరుగుదురు. ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆయన జన్మదినాన్ని తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. బిరుదులు రద్దయి దశాబ్దాలు గడిచాక ప్రజాస్వామ్య ప్రభుత్వం ఒక ఉద్యోగిని అతని పాత బిరుదు పేరుతోనే తిరిగి స్మరించుకోవడం గమనించదగినది.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత నగరరక్షణకు ప్రణాళిక రూపొందించిన విశ్వేశ్వరయ్య విషయంలోనూ స్మరణ బలంగా నిలిచింది. ఆ ప్రణాళిక ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. విశ్వేశ్వరయ్యకు 1955లో భారతరత్న లభించింది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినంగా పాటిస్తున్నారు. ఒకే వృత్తికి చెందిన ఇద్దరు ప్రభుత్వసేవకుల పేరిట ఒకే నగరంలో రెండు దినోత్సవాలు జరుగుతున్నాయి. ఆ జలాశయాల కట్టలకు మట్టి మోసిన వారి పేరిట ఏ దినమూ లేదు.

3. కొత్వాలు జీవితచరిత్ర: ఒక మినహాయింపు

నగరోద్యోగి సేవను తెలుగుభాషలో సవిస్తరంగా నమోదుచేసిన తొలినాటి గ్రంథాల్లో సురవరం ప్రతాపరెడ్డి 1939లో వెలువరించిన రాజా బహద్దూర్ వేంకటరామారెడ్డి జీవితచరిత్ర ముఖ్యమైనది. మొగలాయి పాలనాసంప్రదాయంలో కొత్వాలు శాంతిభద్రతలతోపాటు అంగళ్లను, తూనికలను, నగరవ్యవహారాలను కూడా పర్యవేక్షించేవాడు. ఆధునిక కాలానికి హైదరాబాదు కొత్వాలు ప్రధానంగా నగర పోలీసు అధిపతి అయ్యాడు. వనపర్తి సంస్థాన ప్రాంతంలో 1869లో జన్మించిన వేంకటరామారెడ్డి దిగువస్థాయి అమీను ఉద్యోగంతో ప్రవేశించి 1920లో ఆ పదవిని చేపట్టాడు. 1934 వరకు అందులో కొనసాగాడు. నిజాం ప్రభుత్వం ఆయనకు ‘రాజా బహద్దూర్’ బిరుదునిచ్చింది.

అయితే ఆయన కీర్తికి బిరుదు ఒక్కటే ఆధారం కాదు. 1918లో ప్రారంభమైన రెడ్డి హాస్టలు స్థాపనలో, బాలికల విద్యావ్యాప్తిలో ఆయన చేసిన కృషి తెలంగాణ సాంస్కృతిక పునరుజ్జీవనంలో భాగమైంది. ఆ హాస్టలుతో సన్నిహిత సంబంధమున్న ప్రతాపరెడ్డి తాను ప్రత్యక్షంగా ఎరిగిన వ్యక్తిని గురించి రాశాడు. చరిత్రనాయకుడు జీవించి ఉండగానే గ్రంథం వెలువడింది. నేడు రాష్ట్ర పోలీసు అకాడమీ ఆయన పేరును ధరించి ఉంది.

ఈ ఉదాహరణ ఒక ముఖ్యమైన విషయాన్ని తెలియజేస్తుంది. బిరుదు ప్రభువు ఇచ్చినది. జీవితచరిత్ర సమాజం ఇచ్చినది. బిరుదు ఉద్యోగి స్థాయిని మాత్రమే చెబుతుంది. జీవితచరిత్ర అతడు చేసిన పనిని, పని జరిగిన పరిస్థితులను, ఎదురైన అడ్డంకులను చెబుతుంది. పరిశోధకునికి ఉపయోగపడేది రెండవదే. అయితే ఈ అవకాశం కొత్వాలుకు దక్కింది గానీ, ఆయన కింద రాత్రి గస్తీ తిరిగిన జవానులకు దక్కలేదు.

4. గణతంత్రంలో పతకాలు

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 18వ అధికరణం సైనిక, విద్యాసంబంధమైనవి మినహా రాజ్యం బిరుదులు ప్రదానం చేయడాన్ని నిషేధించింది. జంగ్, దౌలా, రావు బహద్దూర్ వంటి బిరుదుల ప్రదానానికి దానితో తెరపడింది. గౌరవించవలసిన అవసరం మాత్రం పోలేదు. 1951లో రాష్ట్రపతి పేరిట పోలీసు, అగ్నిమాపక సేవా పతకాలు ఏర్పడ్డాయి. 1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు వచ్చాయి. పద్మ పురస్కారాలు రాజ్యాంగం నిషేధించిన బిరుదులు కావనీ, అయితే వాటిని పేరుకు ముందు గానీ వెనుక గానీ చేర్చుకోరాదనీ సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో స్పష్టం చేసింది. బిరుదుకూ పతకానికీ మధ్య ఉన్న హద్దు ఇదే. బిరుదు పేరులో కలుస్తుంది. పతకం పేరుకు వెలుపలే ఉండాలి.

ఈ కొత్త వ్యవస్థలోనూ అర్హతకు సంబంధించిన హద్దులు ఉన్నాయి. వైద్యులు, శాస్త్రవేత్తలు మినహా ప్రభుత్వోద్యోగులు పద్మ పురస్కారాలకు అర్హులు కారు. పంజాగుట్టలో ఈ నియమం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నిజాం ధర్మనిధి ఆధ్వర్యంలో ఎముకల వైద్యశాలగా మొదలై విశ్వవిద్యాలయ స్థాయి సంస్థగా ఎదిగిన నిమ్స్‌కు తొలి డైరెక్టరైన డాక్టర్ కాకర్ల సుబ్బారావుకు 2000లో పద్మశ్రీ లభించింది. అదే పంజాగుట్టలో విధులు నిర్వహించే పోలీసు, పురపాలక, రెవెన్యూ ఉద్యోగులు ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ గౌరవానికి వెలుపలే ఉంటారు. ఆసుపత్రిలోనే రోగిని మోసే వార్డుబాయికీ, శస్త్రచికిత్స గదిని శుభ్రపరిచే కార్మికురాలికీ వైద్యులకిచ్చిన మినహాయింపు వర్తించదు.

పోలీసు ఉద్యోగులకు రాష్ట్రస్థాయిలో వేరే పతకాలు ఉన్నాయి. మహోన్నత సేవా పతకం, ఉత్తమ సేవా పతకం, కఠిన సేవా పతకం, శౌర్య పతకం, సేవా పతకం అనే పేర్లతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, తరువాత తెలంగాణలోనూ ఇవి కొనసాగుతూ వచ్చాయి. ఈ పేర్లను భాషాపరంగా పరిశీలిస్తే ఒక విశేషం గోచరిస్తుంది. ‘మహోన్నత’, ‘ఉత్తమ’ అనే విశేషణాలు సేవ స్థాయిని తెలుపుతాయి. ‘కఠిన’ అనే విశేషణం మాత్రం సేవ జరిగిన పరిస్థితిని తెలుపుతుంది. మనిషిని మెట్లమీద నిలబెట్టే పదాల నడుమ పని ఎంత కష్టమైనదో చెప్పే పదం ఇదొక్కటే. బిరుదుల భాషలో ఇటువంటి పదానికి చోటు లేకపోయింది. ఆ మేరకు పతకాల భాష ప్రజాస్వామ్యం వైపు ఒక అడుగు వేసిందని చెప్పవచ్చు.

5. ఠాణాకు వచ్చిన ర్యాంకు

21వ శతాబ్దంలో గుర్తింపు వ్యక్తిని దాటి కార్యాలయానికి చేరింది. దేశంలోని పోలీసు ఠాణాలను పనితీరు ఆధారంగా శ్రేణీకరించాలన్న ఆలోచన 2015లో కచ్ ప్రాంతంలో జరిగిన డీజీపీల సదస్సులో వచ్చింది. నేరాల నివారణ, కేసుల పరిష్కారం, వసతులు, పౌరుల అభిప్రాయం వంటి అంశాలను ప్రమాణాలుగా తీసుకున్నారు. 2017 సంవత్సరానికి ప్రకటించిన జాబితాలో కోయంబత్తూరులోని ఆర్.ఎస్.పురం ఠాణా మొదటి స్థానంలో, పంజాగుట్ట ఠాణా రెండవ స్థానంలో నిలిచాయి. 2018 జనవరిలో గ్వాలియరు సమీపంలోని టేకన్‌పూర్‌లో జరిగిన సదస్సులో ఈ గుర్తింపును ప్రదానం చేశారు.

ఈ పద్ధతిలో ఒక మేలు ఉంది. ఠాణా పనితీరు ఒక్క ఇన్‌స్పెక్టరు ప్రతిభపై ఆధారపడదు. ఫిర్యాదు స్వీకరించే కానిస్టేబులు, దస్త్రం రాసే రైటరు, గస్తీ తిరిగే హోంగార్డు కలిసి చేసిన పనే ఠాణా పని. వ్యక్తిగత పతకంలో కనిపించని ఈ సమష్టిశ్రమ సంస్థకు వచ్చిన గుర్తింపులో కనీసం పరోక్షంగా చేరుతుంది. అయితే జ్ఞాపికపై ఉండేది ఠాణా పేరు. ఆ గుర్తింపు తెచ్చిన సిబ్బంది బదిలీలతో చెదిరిపోతారు. జ్ఞాపిక తరువాత వచ్చిన వారి గోడపై మిగులుతుంది.

సమష్టి గుర్తింపుకు మరో పార్శ్వం 2024లో కనిపించింది. కేసుల నిర్వహణలో లోపాలు, సమాచారం బయటికి చేరవేత వంటి ఆరోపణల నేపథ్యంలో ఆ సంవత్సరం జనవరి 31న నగర పోలీసు కమిషనరు పంజాగుట్ట ఠాణాలో పనిచేస్తున్న 80 మందికి పైగా సిబ్బందిని ఒకేసారి బదిలీ చేశారు. ఇన్‌స్పెక్టరు మొదలు హోంగార్డుల వరకు అందరూ ఆ ఉత్తర్వు పరిధిలోకి వచ్చారు. ఆ చర్యలోని మంచిచెడ్డల నిర్ణయం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. బదిలీలు సహజమైన శాఖలో 2018 నాటి సిబ్బందీ 2024 నాటి సిబ్బందీ ఒకరేనని భావించడానికీ వీలులేదు.

అయినా చరిత్ర విద్యార్థికి ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడక తప్పదు. ఆరేళ్ల వ్యవధిలో ఒకే ఠాణా దేశవ్యాప్త ప్రశంసకూ మూకుమ్మడి బదిలీకీ పాత్రమైంది. రెండు సందర్భాల్లోనూ ప్రమాణం ఠాణాయే గానీ వ్యక్తి కాదు. సమష్టి ప్రశంసలో ఒక్కొక్కరి శ్రమ విడిగా కనిపించదు. సమష్టి చర్యలో ఒక్కొక్కరి నిర్దోషిత్వమూ విడిగా కనిపించదు. నిష్ఠగా పనిచేసిన ఉద్యోగి ఏ ఠాణాలో ఉన్నా, అతని సేవ అతని పేరున నమోదై ఉండకపోతే అతనికి రక్షణగా నిలిచే సాక్ష్యం లేదు. అందువల్ల గుర్తింపును అలంకారంగా మాత్రమే చూడరాదు. అది సాక్ష్యం కూడా.

6. బల్దియా కార్మికులు: వర్గానికి దక్కిన ప్రశంస

మొదటి సాలార్‌జంగ్ కాలంలో 1869లో హైదరాబాదులో పురపాలన విభాగం ఏర్పడింది. 1886లో చాదర్‌ఘాట్‌కు ప్రత్యేక పురపాలక వ్యవస్థ వచ్చింది. 1933లో అది నగరంలో విలీనమైంది. 1955 నాటి చట్టం నగరపాలక సంస్థకు నేటికీ ఆధారంగా ఉంది. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల పురపాలక సంఘాలు కలిసి గ్రేటర్ హైదరాబాదు మహానగరపాలక సంస్థగా రూపొందింది. చట్టంలో పేర్లు ఎన్ని మారినా జనవ్యవహారంలో అది ‘బల్దియా’యే.

బల్దియా పనివారిని సూచించే పదాలకూ చరిత్ర ఉంది. నగరంలో కూలిపనివారికి వాడుకలో ఉన్న ‘కామాటి’ అనే పదం హైదరాబాదు ప్రాంతం నుంచి వలసవెళ్లిన శ్రామికులతో బొంబాయి చేరి, కామాఠీపురా అనే పేటకు పేరైంది. ఒక నగర నిర్మాణంలో పాల్గొన్న తెలుగు శ్రామికుల స్మృతి మరో రాష్ట్రంలో స్థలనామంగా మిగలడం అరుదైన విషయం. ‘పాకీపనివారు’ అనే మాట స్థానంలో ‘సఫాయి కర్మచారులు’, ‘పారిశుద్ధ్య కార్మికులు’ అనే మాటలు వచ్చాయి. పేరు మారడం అవసరమైన సంస్కారమే. పేరుతోపాటు పరిస్థితి ఎంత మారిందన్నది వేరే ప్రశ్న.

2015 జూలైలో నగర పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. ఆ సందర్భంలోనే ప్రభుత్వం వారి నెలవేతనాన్ని రూ. 8,500 నుంచి రూ. 12,500కు పెంచింది. 2020 ఏప్రిల్‌లో కరోనా వ్యాప్తి సమయంలో నగర పారిశుద్ధ్య సిబ్బందికి రూ. 7,500 వంతున ప్రోత్సాహకం ప్రకటించింది. ఈ రెండూ ఉపయోగకరమైన నిర్ణయాలే. అయితే వీటిలో ఒకటి సమ్మె సందర్భంలో, మరొకటి విపత్తులో వచ్చాయి. రెండూ ఒక వర్గానికి చేసినవి. అమీర్‌పేట కూడలిలో కోచింగు కేంద్రాల ముందు రోజూ పేరుకుపోయే చెత్తను తీసే ఒకానొక కార్మికురాలు ఏ సంవత్సరంలో చేరింది, ఏ కష్టాన్ని ఎలా దాటింది అనే సమాచారానికి ఆ నిర్ణయాల్లో చోటు లేదు. ఒప్పంద పద్ధతిలో పనిచేసే వారి విషయంలో చిక్కు మరింత జటిలం. ‘ఉత్తమ ఉద్యోగి’ అనే మాటలో ముందుగా తేలవలసింది ‘ఉద్యోగి’ ఎవరన్నదే. సేవాపుస్తకం లేని మనిషి సేవను కొలిచే పత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడే మరో విషయాన్ని గమనించాలి. కొన్ని పనులను ప్రశంసించడం కంటె నిర్మూలించడమే అసలైన గౌరవం. కర్ణాటకలోని కోలారు బంగారుగనుల ప్రాంతంలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ మానవ మలాన్ని చేతులతో ఎత్తే దురాచారానికి వ్యతిరేకంగా ఉద్యమించి 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందాడు. ఆయన భాగస్వామిగా ఉన్న సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగుకాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు రూ. 10 లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని రూ. 30 లక్షలకు పెంచింది. ఆ పురస్కారం ఒక పనిని గొప్పగా చేసినందుకు వచ్చినది కాదు. ఆ పనే ఉండరాదని పోరాడినందుకు వచ్చినది. రక్షణ సాధనాలు ఇవ్వకుండా కప్పే శాలువా ఉద్యోగి సేవను గుర్తించినట్టు కాదు, అతని ప్రమాదాన్ని కప్పిపుచ్చినట్టు అవుతుంది.

7. ముగింపు

హైదరాబాదు నగరసేవకుల గుర్తింపు చరిత్రలో మూడు దశలను ఈ పరిశీలన వల్ల గుర్తించవచ్చు. మొదటి దశలో గౌరవం వ్యక్తికి చెందింది. కానీ ఆ వ్యక్తి పాలకుల దృష్టికి అందేంత ఎత్తులో ఉండవలసి వచ్చింది. రెండవ దశలో పతకం ద్వారా దిగువస్థాయి ఉద్యోగికీ అవకాశం కలిగింది. కానీ అర్హతానియమాలు కొత్త హద్దులను గీశాయి. మూడవ దశలో గౌరవం ఠాణాకు, వర్గానికి విస్తరించింది. కానీ వ్యక్తి పేరు కనుమరుగైంది. విస్తృతి పెరిగినకొద్దీ వివరం తగ్గింది.

ఈ రెండింటినీ సమన్వయించడం అసాధ్యం కాదు. లండన్‌లోని పోస్ట్‌మన్స్ పార్కులో చిత్రకారుడు జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్ ఆలోచన మేరకు 1900లో ఏర్పడిన స్మారకంలో, ఇతరులను కాపాడబోయి ప్రాణాలు విడిచిన సామాన్యుల కోసం మట్టిపలకలు అమర్చారు. వారిలో కార్మికులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది ఉన్నారు. వాటిపై బిరుదులు లేవు, ర్యాంకులు లేవు. మనిషి పేరు, చేసిన పని, జరిగిన సందర్భం మాత్రమే ఉన్నాయి. వెనుకటి కొత్వాలు జీవితచరిత్ర సుదీర్ఘంగా చేసిన పనిని ఆ పలకలు రెండు మూడు పంక్తుల్లో చేశాయి. అయితే ఆ స్మారకంలో చోటు దక్కడానికి మరణించవలసి వచ్చింది. బతికి ఉన్న ఉద్యోగి సేవను బతికి ఉండగానే నమోదు చేయడం అంతకంటె మేలైన మార్గం. 1939లో ప్రతాపరెడ్డి చేసినది అదే.

తెలుగు శాఖల పరిశోధకులకు ఇందులో చేయదగిన పని ఉంది. పదవీవిరమణ చేసిన బల్దియా కార్మికులు, హోంగార్డులు, ఆసుపత్రి సహాయకుల మౌఖిక కథనాలను వారి భాషలోనే సేకరించాలి. వారి వృత్తిపదాలను నమోదు చేయాలి. నగరచరిత్రను భవనాల ద్వారా రాయడం చాలాకాలంగా జరుగుతున్నది. ఎర్రమంజిల్‌ను ఎవరు కట్టించారో చరిత్రకు తెలుసు. దాని ముందున్న రహదారిని ఎవరు శుభ్రంగా ఉంచుతున్నారో కూడా చరిత్రకు తెలియాలి.